మా మేడమ్‌ని సన్నం చెయ్యకండి

మా మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున్న ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి "అక్క లేదమ్మా" అన్నారు. డెంగీ జ్వరం. ఆసుపత్రిలో చేరే ముందు రోజు కూడా నా థీసిస్‌లో ఒక అధ్యాయం చదివి, "ఇది ఎవరికోసం రాసేవే, చదివేవాళ్లకా, అద్దంలో చూసుకుని మురిసిపోడానికా?" అని తిట్టిన మనిషి. ఆ తిట్టు తిని అధ్యాయమంతా తిరగరాశాను. పంపేలోగా ఈ కబురు వచ్చింది.

విజయనగరంలో వాళ్లింటికి వెళ్లేసరికి వీధిలో షామియానా కింద కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక పెద్దాయన, ఆవిడకి వరసకి బాబాయి అవుతారట, పక్కాయనతో అంటున్నారు: "మంచి మనిషేగానీ ఒంటి మీద శ్రద్ధ నేదు. అంత ఒళ్లుంటే తట్టుకుంటాదేటి?" పక్కాయన తలూపారు. చావింట్లో నోరు తెరవొద్దని మా అమ్మ బస్సులో దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చింది. అయినా నోరు ఆగలేదు. "డెంగీ దోమ మనిషిని తూచి కుట్టదండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి కుర్చీ అటు తిప్పుకున్నారు. బతికున్నన్నాళ్లూ ఏ కాటాతో పోరాడిందో, పోయిన పూటే ఆవిణ్ణి మళ్లీ ఆ కాటా మీదకే ఎక్కించారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాయడానికి కూర్చున్నది కూడా ఆ కోపంతోనే.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో హోమ్‌సైన్స్ చెప్పేవారు. పిల్లలకి తినుబండారాల పేకెట్లు ఎలా అమ్ముతున్నారు, టీవీలో ఎలా చూపిస్తున్నారు, కొట్లో ఎక్కడ వేలాడదీస్తున్నారు, ఇప్పుడు ఫోన్లో ఆటల మధ్యలో ఎలా దూర్చేస్తున్నారు అన్నది ఆవిడ పరిశోధన. అందులో సగం అది. రెండో సగం, కాస్త ఒళ్లున్న పిల్లని బడిలో, బంధువుల ఇళ్లలో, ఆసుపత్రిలో ఏమంటారు, ఆ మాటలు ఆ పిల్లని ఏం చేస్తాయి అన్నది. ఈ రెండూ వేరువేరు విషయాలు కదా అని ఎవరన్నా అడిగితే ఆవిడ రెండు చేతులూ ఎత్తి చూపించేవారు. "ఈ చేత్తో పేకెట్టు ఇస్తాది లోకం. ఈ చేత్తో నెత్తి మీద మొట్టికాయ వేస్తాది. రెండు చేతులూ ఒకరివే కదేటి?"

ఆవిడ షావుకారు ఇంటి పిల్ల. తండ్రికి విజయనగరం బజారులో కిరాణా కొట్టు ఉండేది. బెల్లం, చింతపండు పై అరల్లో ఉంటే పిప్పరమెంట్ల సీసాలు మాత్రం కింద బల్ల మీద, పిల్లల ముక్కుకి ఎదురుగా ఉండేవట. "ఎందుకు నాన్నా కిందెట్టేవు అంటే, కొనేవాడికి కనపడాలి కదమ్మా అన్నాడు. నా మొదటి గైడు మా నాన్నే" అని క్లాసులో చెప్పి నవ్వేవారు. అదే కొట్లో బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. పండగ బేరాలప్పుడు సందడి కోసం బాబాయిలు ఈవిణ్ణి ఎత్తి కాటా మీద కూర్చోబెట్టి, ఎంత తూగిందో గట్టిగా అరిచేవారట. సరుకుల కోసం వచ్చినవాళ్లంతా నవ్వేవారట. ఈ రెండో కథ మాత్రం క్లాసులో చెప్పలేదు. నాకు చెప్పారు. అది ఏ సందర్భంలోనో చెప్పాలంటే మా ఊరు రావాలి.

మాది శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు ఊరు. నాన్న ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వైపు చేపల వేటకి వెళ్లిపోయేవాడు. అమ్మ చేపలు అమ్మేది, మిగిలినవి ఎండబెట్టేది. నేను ఏడో తరగతి. అప్పటికి నేను మా క్లాసులో అందరికంటే లావు, అందరికంటే గట్టిగా పద్యాలు చదివేదాన్ని, పరుగులో మాత్రం మధ్యలో ఉండేదాన్ని. నా ఒంటి గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు.

ఒకరోజు బడి గోడ మీద రంగుల బొమ్మ అంటించారు. ఒక పక్క సన్నగా ఉన్న పిల్ల, చేతిలో అరటిపండు, గెంతుతోంది. ఇంకోపక్క లావుపాటి పిల్ల మంచం మీద పడుకుని చిప్స్ పేకెట్టు ఒళ్లో పెట్టుకుంది. కింద రాసి ఉంది: బద్ధకం బుజ్జి. పిల్లలు చిరుతిళ్లు మానాలని ఎవరో మంచి మనసుతో వేయించిన బొమ్మే అది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి నా పేరు మారిపోయింది. వరసలో నిలబడితే బుజ్జి, పద్యం చదివితే బుజ్జి, అన్నం తింటే బుజ్జి. పరుగు పందెంలో ఎవరన్నా నా వెనక పడితే వాడిని చూసి "బుజ్జి కంటే బద్ధకం రా" అనేవారు.

కొన్నాళ్లకి నేను బడి మానేశాను. మా ఊళ్లో ఆడపిల్ల బడి మానేయడం పెద్ద వార్త కాదు. ఎండు చేపల పందిరి కింద ఎప్పుడూ ఒక చోటు ఖాళీగానే ఉంటుంది. అమ్మ తిట్టింది, బతిమాలింది. "ఒసే, బడికెల్తావా, గంప నెత్తికెత్తుకుంటావా? ఏటో ఒకటి సెప్పు" అంది. గంప అన్నాను. అమ్మ ఆరోజు అన్నం తినలేదు. తను చదువుకోలేదు కాబట్టి నన్ను చదివించాలని అమ్మకి మొండి పట్టుదల. ఆ పట్టుదలని గోడ మీది కాగితం ఓడించేలా ఉంది.

అలాంటి సమయంలో, ఆ బొమ్మ ఏమన్నా పనిచేసిందా అని చూడటానికి దాన్ని వేయించిన మేడమ్ మా బడికి వచ్చారు. బొమ్మ చూసి ఏం నేర్చుకున్నారని క్లాసులో అడిగితే ఒక కుర్రాడు లేచి, "మా క్లాసులో కూడా ఒక బద్దకం బుజ్జి ఉన్నాది మేడమ్! బొమ్మెట్టిన కాణ్నుంచి బడికే రావట్నేదు" అన్నాడట సంతోషంగా. క్లాసంతా నవ్విందట. మా టీచరుగారు తర్వాత చెప్పారు, ఆవిడ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారట. తర్వాత ఆ పిల్ల ఇల్లెక్కడ అని అడిగారట.

అమ్మా నేనూ ఇసకలో ఎండు చేపలు తిరగేస్తున్నాం. పొందూరు చీర కట్టుకున్న ఒక భారీ మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో ఆయాసపడుతూ మా పందిరి వైపు వస్తోంది. మా బడికి వచ్చే టీచర్లలో అంత లావుపాటివాళ్లు ఎవరూ లేరు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. అమ్మ మాత్రం నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఆ బొమ్మెట్టించింది మీరేనేటి?"

"నేనేనమ్మా."

"బొమ్మలో గుంట ఏటి సేస్తన్నాది? మంచమ్మీద తొంగోని పేకెట్టు తింతన్నాది. నా గుంట తెల్లారగట్ల నాతోటి లేస్తాది. నీల్లు మోస్తాది, సేపలెండబెడతాది. ఇదిగో, ఎదురుగుండా ఉన్నాది. దీనికి బద్దకమా? సూసి సెప్పు."

"లేదమ్మా. బొమ్మ గీసిన వాళ్లకి నీ కూతురు తెలీదు. గీయించిన నాకైనా తెలియాలి."

అమ్మ దీనికి సిద్ధంగా లేదు. పెద్ద చదువుల వాళ్లు తప్పు ఒప్పుకోవడం అమ్మ ఎప్పుడూ చూడలేదు. పీట తెచ్చి వేసింది. మేడమ్ పీట మీద కాకుండా ఇసకలోనే నా పక్కన కూలబడి, "నీ పేరేటి?" అని అడిగారు. నేను తలొంచుకుని "బద్ధకం బుజ్జి" అన్నాను. కావాలని అన్నాను. ఆవిడకి తగలాలని అన్నాను.

తగిలింది. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. అప్పుడు చెప్పారు కాటా కథ. "ఆ నవ్వులు నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి. అయినా బొమ్మ చూసి బాగుందన్నాను. నన్ను కాటా ఎక్కించినవాళ్ల పనే నేనూ చేశాను. తప్పు నాది, శిక్ష నువ్వు వేసుకున్నావు. ఇదెక్కడి న్యాయమే? రేపు ఆ బొమ్మ పీకేస్తాను. నువ్వు ఎదురుగా ఉండాలి."

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. ముందు నన్ను చూసి నవ్వుతారు. నీ దాకా వచ్చేసరికి అలిసిపోతారు."

ఎన్నాళ్ల తర్వాతో నాకు నవ్వొచ్చింది. అమ్మ నా నవ్వు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బొమ్మ ఊడిరాలేదు. మైదా జిగురు పెట్టి అంటించారేమో, గోడని పట్టేసింది. మేడమ్ గోళ్లతో గీకుతుంటే అమ్మ గంపలోంచి చేపల పొలుసు తీసే కత్తి తీసి ఇచ్చింది. "ఇంద, తోక కాణ్నుంచి మొదలెట్టు. పొలుసు ఎదురు తియ్యాల" అంది. కాలేజీ మేడమ్ చేపల కత్తితో బడి గోడ గీకడం చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఆవిడ గీకుతూనే పిల్లలతో మాట్లాడారు. "చిప్స్ గురించి చెప్పాల్సింది చెప్పలేదు. ఒక పిల్లని ఎక్కిరించి ఊరుకున్నాను. ఈ పేకెట్టు మీకు కొనాలని ఎందుకనిపిస్తాదో చెప్పాలి కదా? అది రేపట్నుంచి చెప్పుకుందాం. ఈ బుజ్జి అన్న పేరు మాత్రం ఇవాల్టితో సరి." బొమ్మతోపాటు గోడ మీది మాసిన సున్నం పొర కూడా ఊడొచ్చి, అక్కడ పలక ఆకారంలో తెల్ల మచ్చ మిగిలింది. బెల్లు కొట్టారు. నేను నా చోట్లో కూర్చున్నాను. వెనకనుంచి ఒకడు "బుజ్జీ" అనబోతే పక్కవాడే వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

ఆ బొమ్మ చాలా ఊళ్ల బళ్లలో ఉంది. సెలవు రోజుల్లో మేడమ్ వాటన్నిటినీ తనే పీకించుకుంటూ తిరిగారు, అమ్మనడిగి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. అమ్మ కత్తి కూడా మాతోనే వచ్చింది. ఆ ప్రయాణాల్లోనే నేను ఆవిడ మనిషినైపోయాను. ఇంటరు, డిగ్రీ, పీజీ, ఇప్పుడు పరిశోధన, అన్నీ ఆవిడ వెనకాలే నడిచాను.

మేడమ్ సంచీలో ఎప్పుడూ ఒక గుడ్డముక్క ఉండేది. పాత పొందూరు చీర చింపి అంచు కుట్టింది. బళ్లలో పిల్లల బరువు చూసేటప్పుడు ఒకరు నిలబడి గట్టిగా అరవడం, ఇంకొకరు రాసుకోవడం మనందరికీ తెలిసిన పద్ధతే. ఆవిడ ముందు మిషన్ మీద ఆ గుడ్డ కప్పేవారు. పిల్ల ఎక్కాక ఒక కొస ఎత్తి, అన్నం ఉడికిందా అని మూత తీసి చూసినట్టు చూసి, గుడ్డ దించి రాసుకునేవారు. నోరు విప్పేవారు కాదు. "ఎంత మేడమ్?" అని పిల్ల అడిగితే, "నీకు, మీ అమ్మకి చెప్తాను, ఊరికి కాదు" అనేవారు. ఒళ్లు ఎంతున్నా పరవాలేదని ఆవిడెప్పుడూ అనలేదు. ఆరోగ్యం సంగతి డాక్టరు గదిలో మెల్లగా మాట్లాడుకోవాలిగానీ బడి వాకిట్లో దండోరా వెయ్యకూడదన్నదే ఆవిడ మాట.

కొట్ల ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్లం, ఏ పేకెట్టు ఏ ఎత్తులో వేలాడుతోందో టేపుతో కొలవడానికి. ఒకసారి ఒక కొట్టాయన చిరాకుపడ్డాడు. "ఏటమ్మా, నా కొట్టు కొంటావేటి, కొలుస్తన్నావు?" అన్నాడు. మేడమ్ ఆ పేకెట్ల దండ చూపించి, ఇది కాస్త పైకి కట్టరాదా బాబూ అన్నారు. "పిల్లలకి అందకపోతే నానెవులికి అమ్మాల?" అన్నాడాయన. మేడమ్ చప్పట్లు కొట్టారు. "రాసుకోవే, రాసుకో! నేను పుస్తకమంతా రాసిన సంగతి ఈయన ఒక్క ముక్కలో చెప్పేశాడు." ఆయన నవ్వి మాకు స్టూలు వేశాడు. ఆవిడ ఏ కొట్టాయన్నీ, ఏ తల్లినీ తిట్టగా నేను వినలేదు. కొట్టాయనకి ఆ దండ ఇచ్చినవాళ్లు ఎక్కడో పెద్ద ఆఫీసులో కూర్చున్నారని, పిల్ల చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో వాళ్లకి మనకంటే బాగా తెలుసని అనేవారు.

ఒక సదస్సులో ఆవిడకి చేతులున్న ఇరుకు కుర్చీ వేశారు. ఇంకొకరైతే ఒదిగి కూర్చునేవారు, నేనైతే నిలబడి ఉండిపోయేదాన్ని. ఆవిడ మైకు దగ్గరికెళ్లి, "పత్రం చదవడానికి వచ్చాను, కుర్చీలో ఇరుక్కోడానికి కాదు. ఇంకోటి తెప్పించండి" అన్నారు. తెప్పించారు. కూర్చుని, సర్దుకుని, హాయిగా చదివారు. మా ఇంట్లో అమ్మ పెట్టే చేపల పులుసు కూడా అంతే హాయిగా తినేవారు. రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నప్పుడు నేను మొహమాటపడి "చాలమ్మా, ఇప్పటికే ఎక్కువైంది" అంటే కంచంలోంచి తలెత్తి చూసేవారు. "ఆకలేస్తే తిను, లేకపోతే మాను. తింటూ తింటూ ఎవరికీ సంజాయిషీ చెప్పకు." ఈ మాట నేను ఇప్పుడు నా దగ్గరికొచ్చే ఆడపిల్లలకి చెప్తున్నాను.

ఆవిడ పోయారని తెలిసి మా ఊరివాళ్లు ఫ్లెక్సీ కట్టాలన్నారు. మా వైపు మనిషికి మర్యాద చేయాలంటే ఫ్లెక్సీ ఉండాల్సిందే. పడవ కొన్నా, పెళ్లైనా, పోయినా ఫ్లెక్సీయే. నా ఫోన్లోంచి ఒక ఫొటో ఇచ్చాను. మా ఒడ్డున తీసింది, గాలికి కొంగు ఎగురుతుంటే మొహమంతా నవ్వుతున్నది. శ్రీకాకుళంలో అచ్చువేయించి తెచ్చి, బడి ముందు ఇసకలో విప్పి పరిచాం. అమ్మ వచ్చి చూసింది. వంగి మళ్లీ చూసింది.

"ఎవులే ఈవిడ?" అంది.

చూశాను. చీర మేడమ్‌దే, కళ్లజోడు మేడమ్‌దే. బుగ్గలు లేవు. గడ్డం కింద మడత లేదు. భుజాలు సగానికి తగ్గిపోయాయి. చేపల కత్తితో బడి గోడ గీకిన ఆ చేతులు ఎవరో కాలేజీ అమ్మాయి చేతుల్లా ఉన్నాయి. అమ్మ ఫ్లెక్సీని చాపలా చుట్టేసి నా చేతికిచ్చింది. "ఎల్లు. మన మేడమ్మని తీసుకురా" అంది.

ఫ్లెక్సీ షాపాయన అమాయకంగా మొహం పెట్టాడు. "అందరూ సన్నం చెయ్యమనే అడుగుతారమ్మా. పెళ్లికూతుర్లు, లీడర్లు, అందరూ. అలవాటుమీద సేసీసినాను. పోయినోల్లని బాగా సూపించాల కదా?" ఆయన్ని కోప్పడాలని వెళ్లాను. మేడమ్ ఆ కొట్టాయన్ని ఏమీ అనలేదని గుర్తొచ్చింది. "ఆవిడ బాగానే ఉండేవారు బాబూ. మా మేడమ్‌ని సన్నం చెయ్యకండి" అన్నాను. ఆయన కంప్యూటర్లో పాత ఫొటో తెరిచి, తను చేసినదంతా వెనక్కి తీసేయడం మొదలెట్టాడు. నేను ఆయన వెనక నిలబడి చూస్తున్నాను. ముందు చేతులొచ్చాయి. తర్వాత భుజాలు. తర్వాత గడ్డం కింద మడత. చివరికి ఆ బుగ్గలు నిండి కళ్లు చిన్నవైపోయి, నవ్వు సరిగ్గా కుదిరింది. అప్పటిదాకా, విజయనగరంలో కూడా, నాకు ఏడుపు రాలేదు. ఆ షాపులో స్టూలు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఆయన మంచినీళ్లు ఇచ్చి, "మీకేటవుతారమ్మా?" అని అడిగాడు. ఏమని చెప్పను? నన్ను బడికి పంపిన మనిషి అన్నాను.

బరువు మిషన్‌ని, గుడ్డముక్కని ఆవిడ తమ్ముడు నాకే ఇచ్చేశారు. వచ్చే వారం నుంచి బళ్లకి వెళ్తున్నాను. మేడమ్ పని ఆగిపోయిన ఊరి దగ్గర్నుంచే మొదలుపెడతాను. తిట్టించుకున్న ఆ అధ్యాయం కూడా బాగా వచ్చింది. ఈసారి అది చదివేవాళ్ల కోసమే రాశాను, నాకు తెలుసు.

కొత్త ఫ్లెక్సీని బడి గోడకే కట్టాం. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ తెల్ల మచ్చ అంచులు ఇంకా కనపడుతూనే ఉంటాయి, ఫ్లెక్సీ సరిగ్గా వాటిమీదకే వచ్చింది. తాళ్లు నేను కడితే అమ్మ ఊడదీసి, వలకి వేసే ముడి తనే వేసింది. సాయంత్రం సముద్రం గాలి లేచింది. ఫ్లెక్సీ ఒక్కసారిగా ఉబ్బి, మేడమ్ భుజాలు ఇంకాస్త వెడల్పయ్యాయి. చిరిగిపోతుందేమో, దించేద్దామా అన్నాను. అమ్మ ముడి మీద చెయ్యి వేసి చూసింది. "ఉండనీ, ఆగుతాది" అంది. గాలి హోరులో ఆ బుగ్గలు నిండుతూ, తగ్గుతూ, మళ్లీ నిండుతున్నాయి.